కనురెప్ప మీది ఎర్ర గడ్డకు ఆగొద్దు

చెల్లె, మూడు నెలల పాప కనురెప్ప మీద ఎర్ర గడ్డ పెరుగుతోందని, అత్తమ్మేమో గ్రహణం మచ్చ, అదే పోతుందంటున్నారని రాశావు. నువ్వు చెప్పినదాన్ని బట్టి హీమాంజియోమాలా, అంటే పసిపిల్లలకు వచ్చే రక్తనాళాల గడ్డలా ఉంది. అయితే అది క్యాన్సర్ కాదు, గ్రహణంతో సంబంధమూ లేదు. వీపు మీద చిన్నది అయితే నేనూ ఆగమనేదాన్ని, ఏడాది దాటాక చాలావరకు మెల్లగా వాటంతటవే తగ్గుతాయి. కానీ రెప్ప బరువెక్కి కన్ను మూసుకుపోతే చూపే దెబ్బతింటుంది. హన్మకొండ నుంచి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ఎంత దూరమని? ఈ వారమే పిల్లల డాక్టరుకు, కంటి డాక్టరుకు చూపించు.

డాక్టరు ప్రొప్రనొలాల్ అనే మందు ఇవ్వొచ్చు. గుండె మందే, ఈ గడ్డలకు పనిచేస్తుందని 2008లో ఫ్రాన్స్ డాక్టర్లు బయటపెట్టారు. పాలు తాగించాకే వెయ్యి. పాప పాలు తాగకపోయినా, వాంతులైనా ఆ డోసు ఆపి డాక్టరుకు ఫోన్ చెయ్యి, లేదంటే షుగర్ పడిపోవచ్చు. పసర్లు మాత్రం పూయనివ్వకు.