సీఆర్‌పీ ఎక్కువుంది.. జిమ్‌లో చేరితే తగ్గుతుందా?

ప్రశ్న: నా వయసు 44. రోజంతా కూర్చుని చేసే ఉద్యోగం, వ్యాయామం లేదు. పొట్ట పెరిగింది. బీపీకి మాత్రలు వాడుతున్నాను. ఈమధ్య చెకప్‌లో హెచ్‌ఎస్ సీఆర్‌పీ (ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్‌ను తెలిపే రక్తపరీక్ష) 4.6 వచ్చింది. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (లోలోపలి వాపు) ఉందన్నారు. రెండు నెలలుగా పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోయి గంట దాకా వదలడం లేదు. అప్పటినుంచి మందుల షాపులో అడిగి డైక్లోఫినాక్ అనే నొప్పి మాత్ర వేసుకుంటున్నాను. జిమ్‌లో చేరితే సీఆర్‌పీ ఎన్నాళ్లకు తగ్గుతుంది?

జవాబు: జిమ్ సంగతి తర్వాత. ముందు ఆ వేళ్ల సంగతి చూడాలి. కదలిక లేక పట్టేసిన కీళ్లు కాసేపు ఆడిస్తే మామూలుగా వదులవుతాయి. గంటసేపు వదలడం లేదంటే, అందులోనూ వారాల తరబడి అంటే, రుమటాయిడ్ ఆర్థరైటిస్ (రోగనిరోధక శక్తే కీళ్ల మీద దాడిచేసే కీళ్లవాతం) లాంటిది ఉందేమో చూడాల్సిందే. ఉందని అనడం లేదు, చేతులు పరీక్షించకుండా చెప్పలేను. రుమటాలజిస్టును, అంటే కీళ్లవాతం డాక్టరును కలవండి. ఈఎస్‌ఆర్, ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ అనే రక్తపరీక్షలు అవసరమైతే వారే రాస్తారు. ఒకవేళ అదే అయితే మొదటి నెలల్లో మందు మొదలుపెట్టడం చాలా ముఖ్యం. ఒకసారి అరిగిపోయిన కీలు మళ్లీ మునుపటిలా కాదు.

ఇక ఆ మాత్ర. బీపీ ఉన్న మనిషి డాక్టరును అడక్కుండా రెండు నెలలు డైక్లోఫినాక్ వేసుకోవడం ఏమిటండీ? అది బీపీని పెంచుతుంది, కడుపులో పుండ్లు చేస్తుంది, గుండెపోటు ముప్పునూ పెంచుతుంది. కొన్ని రకాల బీపీ మాత్రలతో కలిస్తే కిడ్నీల మీద భారం ఇంకా ఎక్కువ. పైగా నొప్పిని అణచిపెట్టి అసలు జబ్బును కనిపించనివ్వదు. దాన్ని ఆపి, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) చేయించుకోండి. బీపీ మాత్రలు మాత్రం మానొద్దు.

మీరు అడిగినదానికి వస్తే, కదలని ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ పెరిగే మాట నిజమే. పొట్ట లోపలి కొవ్వులో చేరిన రోగనిరోధక కణాలు కొన్ని రసాయనాలు వదులుతుంటాయి, వాటి ప్రభావంతో కాలేయం సీఆర్‌పీ తయారుచేస్తుంది. కండరాలు పనిచేసినప్పుడు వాటి నుంచి వెలువడే పదార్థాలు ఈ ఇన్‌ఫ్లమేషన్‌ను కొంత అణుస్తాయి. పొట్ట తగ్గితే సీఆర్‌పీ ఇంకా బాగా దిగుతుంది. ఇన్నాళ్లకని తేదీ చెప్పలేను గానీ, నెలల లెక్కే. వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక, 2 రోజులు కండరాలకు పని. నడకతో మొదలుపెట్టండి. బరువులెత్తే ముందు మీ డాక్టరుతో గుండె పరీక్ష విషయం మాట్లాడండి.

4.6 అనే ఒక్క అంకెను పట్టుకుని బెంగపడకండి. జలుబు, చిగుళ్ల వాపు ఉన్నా అది పెరుగుతుంది. రెండు వారాల తర్వాత మళ్లీ చేయించండి. గట్టిగా వ్యాయామం చేసిన మర్నాడు మాత్రం వద్దు.

ఈలోగా మలం నల్లగా వచ్చినా, మూత్రం తగ్గినా, ముఖం, కాళ్లు ఉబ్బినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.