ఇసుకలో దిగబడిన గంట

తమ్ముడికి,

ఎడారి ట్రిప్పు మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి బస్సులో, రెండోసారి ఇంటికొచ్చాక పెన్సిల్ పట్టుకుని. భాష బాగుంది. అందుకే మిగతాది మొహమాటం లేకుండా చెప్తాను.

సూర్యాస్తమయానికి రెండు పేరాలిచ్చావు. బండి ఇసుకలో దిగబడితే మాత్రం ‘గంటసేపు తంటాలు పడి ఎలాగో బయటపడ్డాం’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు. నాకు ఆ గంట కావాలి. సూర్యాస్తమయం మా డాబా మీద నుంచి రోజూ కనిపిస్తూనే ఉంటుంది.

నేనూ ఒకప్పుడు షార్జాలో ఉన్నవాణ్ణే. అప్పట్లో అక్కడ సెలవంటే శుక్రవారమే. ఒక శుక్రవారం నలుగురం దుబాయ్ నుంచి హత్తా ఊరికి పోయే దారిలో ఉన్న పెద్ద ఎర్ర ఇసుక దిబ్బ, బిగ్ రెడ్ దగ్గరికి వెళ్ళి దిగబడ్డాం. స్టీరింగ్ పట్టినవాడు కంగారులో యాక్సిలరేటర్ తొక్కాడు. తొక్కినకొద్దీ చక్రాలు లోపలికి దిగి, చివరికి బండి పొట్ట ఇసుక మీద ఆనింది. టైర్లలో 35 పీఎస్ఐ ఒత్తిడితో ఉన్న గాలిని 15 దాకా తగ్గిస్తే టైరు వెడల్పుగా పరుచుకుని ఇసుక మీద తేలినట్టు పోతుందని మాలో ఎవరికీ తెలియదు. దారిన పోయే ఒకాయన ఆగి చెప్పాడు. తాళంచెవి మొనతో వాల్వు నొక్కి గాలి తీశాం. మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో తవ్వాం. పైన చురుక్కుమనే ఇసుక, జానెడు లోతున చల్లగా తగిలింది. చక్రాల కింద మ్యాట్లు వేస్తే ఒకటి ఎగిరి వెనక తోస్తున్నవాడి మోకాలికి కొట్టుకుంది. రూములో పెద్ద గొంతుతో అందరికీ సలహాలిచ్చేవాడు ఆ గంటా నోరు విప్పలేదు. ఎప్పుడూ మూలన కూర్చునేవాడే మిగిలిన నీళ్ళు లెక్కపెట్టి, తలా మూడు గుక్కలు పంచాడు.

తిరిగొచ్చాక నేను రాసిందేమిటో తెలుసా? ‘ఎడారి నిశ్శబ్దం’. ఒకే వ్యాసంలో నాలుగుసార్లు! నిజానికి ఆ సాయంత్రం ఇసుకలో నడిపే నాలుగు చక్రాల క్వాడ్ బైకుల రొదలో పక్కవాడి మాట కూడా వినపడలేదు. నీ వ్యాసంలోనూ ఆ నిశ్శబ్దం ఉంది. నిజంగా విని ఉంటే ఉంచు.

‘బంగారు ఇసుక’ కూడా తీసెయ్. నువ్వు వెళ్ళినవైపు ఇసుక ఎర్రగా ఉంటుంది. రేణువుల మీద ఇనుప తుప్పు పొరలా పట్టి ఉంటుంది కాబట్టి ఆ రంగు. సముద్రం దగ్గరకొచ్చేకొద్దీ గవ్వల పొడి కలిసి తెల్లబారుతుంది. దారి పొడవునా ఆ మార్పు నీ కిటికీలోంచే జరిగింది. నువ్వు ఫోన్ చూసుకుంటూ ఉండి ఉంటావు, నేనైతే నిద్రపోయాను.

ఇక ఆ ఫోటో. మీ వెనక ఉన్నదాన్ని ‘ఏదో ముళ్ళచెట్టు’ అన్నావు. దాని కింది కొమ్మలు ఎవరో తాడు పట్టి కత్తిరించినట్టు ఒకే ఎత్తున ఉన్నాయి చూడు. ఒంటెలు మెడ చాపి అందినంత మేరా మేసేస్తాయి. ఆ చెట్టును అక్కడ గాఫ్ అంటారు, యూఏఈ జాతీయ వృక్షం. మనం దసరాకు ఆకు పంచుకునే జమ్మి కూడా ఇదే. తెలంగాణ రాష్ట్ర వృక్షమూ ఇదే. ఇప్పుడు ఇది తెలిసింది కదా అని, దాన్ని చూడగానే ఊరు గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయని రాసేవు! నువ్వు దానికి ఆనుకుని ఫోటో దిగావు, గుర్తుపట్టలేదు. అదే రాయి. నాకు అదే ఎక్కువ నచ్చుతుంది.

ఒక సంగతి అడగాలి. వ్యాసమంతా ‘మేము’ అనే ఉంది. మేము వెళ్ళాం, మేము నవ్వాం, మేము తోశాం. ఐదుగురూ ఒకేలా తోశారా? తిరుగు దారిలో ఎవరూ మాట్లాడలేదని చివర్లో ఒక వాక్యం వదిలావు, ఎందుకో చెప్పలేదు. రెండోసారి రాసేటప్పుడు అక్కణ్ణుంచి మొదలుపెట్టి చూడు.

ఇంతకీ ఆ రోజు బండి నడిపింది ఎవరు? నువ్వేనా?

నీ అన్నయ్య