ఓరవిల్ ఆనకట్ట దిగువన సాల్మన్ లెక్కకు వెళ్లే వంశీకి

చి. వంశీకి బాబాయి ఆశీస్సులు.

కాలిఫోర్నియాలోని ఫెదర్ నదిలో సాల్మన్ సర్వేకి దిగబోతున్నావట, సంతోషం. పడవెక్కే ముందే ఒక్క విషయం బుర్రకెక్కించుకో. కొవ్వు రెక్క ఉన్న ప్రతి చేపా నదిలో పుట్టిందే అనుకోకు.

వీపు చివర, తోకకు కాస్త ముందు చిటికెన వేలంత కొవ్వు రెక్క ఉంటుంది. అక్కడి సెంట్రల్ వ్యాలీ లోయలోని హేచరీల్లో (చేపపిల్లల్ని పుట్టించి పెంచే కేంద్రాల్లో) 2007 నుంచి ఫాల్ రన్ (శరత్కాలంలో నదికొచ్చే గుంపు) చినూక్ సాల్మన్ పిల్లల్లో కనీసం నాలుగో వంతుకు ఆ రెక్క కత్తిరించి, ముక్కులో కోడ్ చెక్కిన 1.1 మి.మీ. వైర్ ట్యాగ్ పెడుతున్నారు. నాలుగో వంతుకే కత్తిరించిన ఏడాదైతే, మిగతా మూడు వంతులూ కంటికి అచ్చం నది చేపలే. వంద కళేబరాల్లో 20కి రెక్క లేదంటే హేచరీవి 20 కాదు, సుమారు 80. స్ప్రింగ్ రన్‌కి (వసంతంలో నదికొచ్చే గుంపు) మాత్రం హేచరీ అన్నిటికీ కత్తిరిస్తుంది, అక్కడ నాలుగుతో గుణించావో లెక్కంతా తలకిందులే. ఏ హేచరీ, ఏ ఏడు అన్నది ట్యాగ్ చదివాకే తేలుతుంది. రెక్క ఉన్నవాటి పుట్టుక తేల్చడానికి తలలోని చెవిరాళ్లు తీస్తారు, వాటిలో చేప పెరిగిన నీటి జాడ మిగులుతుంది.

మన పులస గోదావరికి వచ్చినట్టే చినూక్ కూడా సముద్రం నుంచి ఏటికి ఎదురీదుతుంది. కాకపోతే గుడ్లు పెట్టాక చచ్చిపోతుంది. అందుకే మన లెక్కంతా కళేబరాలతోనే.

కళ్లు తేటగా, మొప్పలు గులాబీ రంగులో ఉంటే తాజాది. ముక్కు నుంచి తోక చీలిక దాకా కొలువు. ఆడదైతే పొట్ట కోసి చూడు. గుడ్లు నిండుగా ఉంటే పెట్టకుండానే చచ్చిందని రాయాలి. కొవ్వు రెక్కను మాత్రం కంటితో తేల్చకు, వేలితో తడుము. కుళ్లిన తోలు మీద రెక్క జారిపోయి ఉంటుంది, దాన్ని కత్తిరింపు అనుకుంటారు. నున్నగా మానిన మచ్చ తగిలితేనే కత్తిరించింది. తోలే ఊడిపోయి ఉంటే ‘తెలియదు’ అని రాయి. ఊహించి రాసిన గడి కంటే అదే మేలు.

తాజావాటి దవడకు నంబరు బిళ్ల బిగించి పారే నీటిలో వదలాలి. వాటిలో తర్వాత ఎన్ని మళ్లీ దొరికాయన్న దాన్ని బట్టే మొత్తం ఎన్నో అంచనా కడతారు. లోతు తక్కువ చోట కళ్లెదురుగా పడేస్తే వచ్చే వారం అవే మళ్లీ దొరికి మొత్తం సంఖ్య తక్కువ వస్తుంది. లోతు మడుగులో వేస్తే దొరక్క ఎక్కువ వస్తుంది. బాగా కుళ్లినవాటిని లెక్క రాసి రెండు ముక్కలు చెయ్యి, లేకపోతే రెండోసారి లెక్కకొస్తాయి. చిన్న మగ చేపలు కంటికి ఆనవు, రాళ్ల సందులు కూడా వెతకాలి.

గూళ్ల సంగతి. ఆడ చేప తోకతో గులకరాళ్లు తవ్విన గుంట, దాని వెనకే కుప్ప. కొత్తది తెల్లగా మెరుస్తుంది, పాచి పట్టాక కనపడదు. గుడ్లు ఉండేది గుంటలో కాదు, కుప్ప కింద. దాని మీద కాలు వేశావో అంతే. ఓరవిల్ దిగువన చేపల్ని ఆపే ఫిష్ బారియర్ డ్యామ్ నుంచి, మళ్లించిన నీరు తిరిగి నదిలో కలిసే థర్మలిటో ఆఫ్టర్‌బే అవుట్‌లెట్ దాకా సుమారు ఎనిమిది మైళ్లు, చేపల రద్దీ అక్కడే. సెప్టెంబరు చివర స్ప్రింగ్ రన్ పెట్టిన గూళ్లనే అక్టోబరు, నవంబరులో ఫాల్ రన్ తవ్వేస్తుంది. ఆనకట్ట లేనప్పుడు స్ప్రింగ్ రన్ ఎగువ కొండల్లోకి పోయేది కాబట్టి ఈ తొక్కిడి ఉండేది కాదు. గూడు కనపడ్డ వారమే జీపీఎస్ పాయింట్, లోతు, తేదీ రాసుకో. నెల తర్వాత చూస్తే మూడు గూళ్లు ఒకటిగా కలిసిపోయి ఉంటాయి. నీటి వేడి 56 ఫారెన్‌హీట్ దాటితే గుడ్లకు ముప్పు, ఆ కొలత కూడా రోజూ రాయి.

చివరిగా తలల సంగతి. రెక్క లేనివాటి తల కళ్ల వెనక నుంచి కోసి, లేబుల్‌ను తలతో పాటు అదే సంచిలో వెయ్యి. సంచి మీద మార్కరుతో రాసిన నంబరు ఫ్రీజర్‌లో చెరిగిపోతుంది.

మీ బాబాయి