హాల్లో కీబోర్డు పీలగా, గిటార్‌లో గుయ్‌మని మోత: కొత్తవి కొనకముందు చూడాల్సినవి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. ఇంట్లో నిండుగా మోగే కీబోర్డు ఫంక్షన్ హాల్లో బాక్సుల్లోంచి పీలగా, ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టు వినిపిస్తోంది. బావగారి గిటార్ తగిలించగానే గుయ్‌మని మోత. పెళ్ళిళ్ళ సీజన్ మొదలయ్యేలోపు రోలాండ్ ఎక్స్‌పీఎస్-30 కీబోర్డు కొనాలా, గిటార్‌కి ఆంప్ (దాని సొంత స్పీకర్ పెట్టె) తీసుకోవాలా ప్రాసెసర్ (ఆంప్ శబ్దాన్నీ ఎఫెక్టుల్నీ తయారుచేసే, కాలితో నొక్కే పెట్టె) తీసుకోవాలా?

ముందు ఆ డబ్బు జేబులోనే ఉంచండి. మీరు రాసిన రెండు జబ్బులూ వాయిద్యాలవి కావు. ఎక్కువగా వాయిద్యానికీ మిక్సర్‌కీ మధ్య ఉన్న దారిలోనివి.

కీబోర్డు వెనక ఫోన్స్/అవుట్‌పుట్ అని ఒకే జాక్ ఉందనీ, అందులోంచి స్టీరియో పిన్ను వైరు తీసి సౌండాయనకి ఇస్తున్నామనీ రాశారు. అసలు తప్పు అక్కడే ఉంది. స్టీరియో పీ-38 పిన్నుని (జాక్‌లో గుచ్చే పావు అంగుళం పిన్ను) చేతిలోకి తీసుకుని చూడండి, రెండు నల్లగీతలు, మూడు భాగాలు ఉంటాయి. కొస ఎడమ చానల్, మధ్య ఉంగరం కుడి చానల్, పొడుగు భాగం గ్రౌండ్. అదే పిన్ను మిక్సర్‌లో బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్‌లోకి వెళితే, మిక్సర్ దాన్ని ఎడమ, కుడి అనుకోదు. కొసలో వచ్చిన దాంట్లోంచి ఉంగరంలో వచ్చినదాన్ని తీసేస్తుంది, దాని పనే అది. పియానోలో రెండు చానళ్ళలోనూ ఒకేలా ఉన్న భాగమంతా ఒకదాన్నొకటి కొట్టేసుకుని పోతుంది. తేడాగా ఉన్నది మాత్రం మిగులుతుంది: రివర్బ్, కోరస్, కాస్త అంచులు. మీకు హాల్లో వినిపిస్తున్నది ఆ మిగులే.

ఇదే జబ్బని తేల్చుకోడానికి బేస్ టోన్ పెట్టి వాయించండి. అది చాలావరకు నడిమధ్యన ఉండే టోన్ కాబట్టి దాదాపు మాయమవుతుంది, స్ట్రింగ్స్ ప్యాడ్ మాత్రం బాగానే వస్తుంది. మిక్సర్ దగ్గర పిన్నుని కొద్దిగా బయటికి లాగినప్పుడు ఒక్కసారిగా శబ్దం నిండుగా మారితే ఇక అనుమానం అక్కర్లేదు. కానీ అలా సగం లాగి వదిలేసి ప్రోగ్రాం నడిపించొద్దు, ఎవరి కాలైనా వైరుకి తగిలితే అంతే సంగతులు.

దీనికి కావల్సింది ఒక చివర స్టీరియో పీ-38, ఇంకో చివర రెండు మోనో పీ-38లు ఉన్న వై కేబుల్. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో మాటల్లో చెప్పినా చేసిస్తారు. పిన్నులు లోహం బాడీవి అడగండి, ప్లాస్టిక్ మూతవి వద్దు. ఆ రెండు మోనో చివరల్నీ మిక్సర్‌లో రెండు చానళ్ళకి ఇవ్వండి. ఒకే చానల్ ఖాళీగా ఉందంటే ఎడమది ఒక్కటే ఇచ్చి, రెండోది ఊరికే వదిలేయండి. ఆ రెండు చివరల్నీ కలిపి ఒకే పిన్నుకి సోల్డర్ చేయించడం మాత్రం వద్దు, రెండు అవుట్‌పుట్లు ఒకదాన్ని ఒకటి తోస్తూ కూర్చుంటాయి. ఫోన్స్ జాక్‌లో మామూలు మోనో పిన్ను దూర్చడం కూడా తప్పే. కుడి చానల్ నేరుగా గ్రౌండ్‌కి షార్ట్ అవుతుంది.

వెనక ఎల్/మోనో, ఆర్ అని రెండు జాక్‌లు ఉన్న కీబోర్డయితే ఈ తిప్పలే ఉండవు. మోనో వైరు ఎల్/మోనోలో పెడితే లోపలే రెండూ కలిసి బయటికొస్తాయి. ఫంక్షన్ హాళ్ళలో బాక్సులు ఎలాగూ మోనోలోనే నడుస్తాయి కాబట్టి అదే సరిపోతుంది. కొన్ని స్టీరియో పియానో టోన్లు కలిపితే కొంచెం డొల్లగా వినిపిస్తాయి. పేరులో మోనో అని ఉన్న పియానో టోన్ ఉంటే లైవ్‌కి దాన్నే వాడండి.

వాల్యూమ్ సంగతి: కీబోర్డు మాస్టర్ వాల్యూమ్‌ని ముప్పావు దగ్గర పెట్టి, సౌండ్ చెక్ తర్వాత దాన్ని ముట్టుకోకండి. మీకు వినిపించట్లేదని మీరు పెంచితే అవతల హాలంతా పెరుగుతుంది, సౌండాయన తగ్గిస్తాడు, మీరు మళ్ళీ పెంచుతారు. మీకు కావల్సింది మానిటర్‌లో మీ శబ్దం. అది అడగండి. లేదా డీఐ బాక్స్ (వాయిద్యానికీ మిక్సర్‌కీ మధ్య పెట్టే చిన్న డబ్బా, దాని సంగతి కిందే చెప్తాను) మీద త్రూ అని ఉన్న జాక్ నుంచి మీ సొంత చిన్న పవర్డ్ స్పీకర్‌కి వైరు తీసుకోండి. అప్పుడు ఎంత పెంచుకున్నా అవతలికి పోదు.

ఆ డీఐ బాక్స్ మీ ఇద్దరికీ కావాలి, కానీ ఒకే రకం కాదు. స్టేజీ నుంచి మిక్సర్ 60-70 అడుగుల దూరంలో ఉంటే మామూలు పీ-38 వైరు దారిలో ఉన్న మోతంతా పోగేసుకుని వెళుతుంది. డీఐ ఆ సిగ్నల్‌ని క్యానన్ వైరులోకి (మైకులకి వాడే మూడు పిన్నుల వైరు) బ్యాలెన్స్‌డ్‌గా మారుస్తుంది. కీబోర్డు సిగ్నల్ బలమైనది కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ప్యాసివ్ డీఐ చాలు. దానికి బ్యాటరీ అక్కర్లేదు, గ్రౌండ్ లూప్‌ని (రెండు పరికరాల ఎర్తులు రెండు దారుల్లో కలిసి మోత పెట్టే చుట్టు) కూడా తెంపుతుంది. గిటార్‌ని నేరుగా ఇచ్చేటట్టయితే యాక్టివ్ (కరెంటుతో నడిచే) డీఐ కావాలి. పికప్‌కి (గిటార్ తీగల కింద శబ్దాన్ని పట్టే కాయిల్) ఎదురుగా నిరోధం 1 మెగా ఓమ్ దాకా ఉంటేనే దాని మెరుపు నిలుస్తుంది. మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో మామూలుగా ఉండేది 10 కిలో ఓమ్‌ల చుట్టుపక్కల. అందులోకి గుచ్చితే గిటార్ దుప్పటి కప్పుకున్నట్టు మోగుతుంది. మధ్యలో ప్రాసెసర్ ఉంటే ఆ పని అదే చూసుకుంటుంది, అప్పుడు ప్యాసివ్ డీఐ అయినా పరవాలేదు. గిటార్ నుంచి మొదటి పెడల్ (కాలితో నొక్కే ఎఫెక్ట్ డబ్బా) దాకా వైరు 6 మీటర్లు దాటకూడదు.

ఇక మోత. దీన్ని ఊహించి కాదు, వరసగా తెంపుకుంటూ పట్టుకోవాలి. కీబోర్డు బ్యాటరీల మీద నడిచేదైతే అడాప్టర్ పీకేసి బ్యాటరీల మీద పెట్టండి. మోత ఆగిందంటే అడాప్టరో, గ్రౌండ్ లూపో. డీఐ మీద గ్రౌండ్ లిఫ్ట్ మీట నొక్కండి, చాలాసార్లు అక్కడితో పోతుంది. గిటార్ వైపు, వాల్యూమ్ సున్నా చేసినా మోత ఉంటే వైరో, పెడల్ కరెంటో. సున్నా చేస్తే పోయి, పెంచితే వస్తూ, మీరు అటూ ఇటూ తిరిగినప్పుడు హెచ్చుతగ్గులు అవుతుంటే అది సింగిల్ కాయిల్ పికప్ గాల్లోంచి పట్టుకుంటున్నది. ఎల్ఈడీ వాల్‌కీ, లైట్ల డిమ్మర్లకీ దూరంగా జరగడమే దానికి మందు. తీగల మీద చెయ్యి వేస్తే మోత తగ్గుతుంటే సాకెట్‌లో ఎర్తు ఉందో లేదో చూడాలి.

మల్టీమీటర్ ఒకటి బ్యాగులో పడేసుకోండి. ఏసీ వోల్టులు పెట్టి, స్టేజీ మీద సాకెట్‌లో ఫేజుకీ ఎర్తుకీ మధ్య 230 దగ్గర్లో, న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య 2-3 వోల్టుల లోపు ఉందో లేదో చూడండి. ఫేజు-ఎర్తు మధ్య సగం సగం ఏదో చూపిస్తోందంటే ఎర్తు లేదని. జనరేటర్ మీద నడిచే హాళ్ళలో, షామియానా వేసిన వీధి మండపాల్లో ఇది మామూలే. చేతులు తీగల మీద ఉండగా మైకుకి పెదవులు తగిలితే చురుక్కుమనేది ఇందుకే. ఆ స్థితిలో వాయించకండి, హాలు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. మోత పోతుందని త్రీపిన్ ప్లగ్గులో పెద్ద పిన్ను పీకేసేవాళ్ళు ఉంటారు. మోత పోవచ్చు, దాంతోపాటు మనిషీ పోవచ్చు. గ్రౌండ్ లిఫ్ట్ చేయాల్సింది డీఐలో, కరెంటు ప్లగ్గులో కాదు.

ఇంకోటి, మీ ఎక్స్‌టెన్షన్ బాక్సుకి కరెంటు మిక్సర్‌కి వచ్చిన లైన్‌లోంచే తీసుకోండి. లైట్లవాళ్ళ బోర్డులోంచి తీసుకుంటే వేరే ఫేజు, వేరే ఎర్తు, దాంతో లూపు, మళ్ళీ మోత. కరెంటు పోయి జనరేటర్ అందుకునే ఆ కొద్ది సెకన్లలో కీబోర్డు ఆరిపోయి మొదట్నుంచీ లేస్తుంది. కంప్యూటర్లకి వాడే 600 వీఏ యూపీఎస్ ఒకటి చాలు, కీబోర్డూ ప్రాసెసరూ కలిపినా తినేది కొద్దిగానే. పాత రకం, బరువుగా ఉండే ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టర్ మాత్రం చవక యూపీఎస్ మీద కొత్త మోత పెట్టొచ్చు, ముందే ఇంట్లో చూసుకోండి.

అడాప్టర్లు కలగాపులగం కానివ్వకండి. చిన్న యామహాలకి 12 వోల్టులు, చిన్న క్యాసియోలకి 9.5, బాస్ కంపెనీ పెడళ్ళకి 9 వోల్టులు, అదీ పిన్ను మధ్యలో నెగెటివ్. పిన్ను సరిపోయిందని గుచ్చితే బోర్డు కాలిపోవచ్చు. ప్రతి అడాప్టర్ మీదా తెల్ల టేప్ వేసి ఏ వాయిద్యానిదో రాయండి.

గిటార్‌కి ఆంపా, ప్రాసెసరా? మీ పనికి ప్రాసెసరే అంటాను. పెళ్ళి సంగీత్‌లో స్టేజీ మీద సగం చోటు డాన్సులది. ఆంప్ పెట్టి, దానికి మైకు పెట్టి, అది ఎవరి కాలికీ తగలకుండా చూసేంత తీరిక అక్కడ ఉండదు. రాత్రి 10కి మైకులు కట్టేయాలి కాబట్టి సౌండ్ చెక్కుకి దొరికేదే పది నిమిషాలు. బాస్ జీటీ-1, జూమ్ జీ1 ఫోర్ స్థాయివి సరిపోతాయి. రెండూ నాలుగు ఏఏ బ్యాటరీల మీద కూడా నడుస్తాయి, అంటే మోత వెతికేటప్పుడు కరెంటు లేకుండా చూసుకునే వీలుంటుంది.

ప్రాసెసర్ కొన్నవాళ్ళలో చాలామంది పొరపాటు చేసేది క్యాబినెట్ సిమ్యులేషన్ (గిటార్ ఆంప్ స్పీకర్ పెట్టె శబ్దాన్ని అనుకరించే సెట్టింగ్) దగ్గర. మిక్సర్‌కి నేరుగా ఇస్తున్నప్పుడు అది ఆన్‌లో ఉండాలి, జీటీ-1లో అయితే అవుట్‌పుట్ సెలెక్ట్‌ని లైన్/ఫోన్స్‌లో పెట్టాలి. లేకపోతే డిస్టార్షన్ రేకు మీద మేకుతో గీసినట్టు ఉంటుంది. గిటార్ ఆంప్ వెనక రిటర్న్ జాక్‌లోకి ఇచ్చేటప్పుడు ఆపేయాలి, లేకపోతే బురదలో కూరుకుపోయినట్టు వస్తుంది. లో కట్ (అడుగు శబ్దాల్ని కోసేది) 100 హెర్ట్జ్, హై కట్ (పై శబ్దాల్ని కోసేది) 5-6 కిలో హెర్ట్జ్ దగ్గర పెట్టి మొదలుపెట్టండి. రివర్బ్ ఇంట్లో పెట్టుకున్నదాంట్లో సగం చాలు, హాలు మిగతాది తనే కలుపుతుంది.

ప్యాచ్‌ల (ప్రాసెసర్‌లో దాచుకున్న టోన్ సెట్టింగులు) మధ్య లెవెల్స్ హెడ్‌ఫోన్స్‌లో సరిచేయకండి. తక్కువ శబ్దంలో చెవికి బేస్, ట్రెబుల్ తక్కువగా వినిపిస్తాయి. ఆ లోటు పూడ్చి దాచుకున్న ప్యాచ్ హాల్లో గుప్పుమంటుంది. డ్రమ్స్ లేదా ఆక్టోప్యాడ్ (కర్రలతో వాయించే ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్) మోగుతుండగా, నిలబడి, స్పీకర్‌లో సరిచేయండి. సోలో ప్యాచ్‌కి గెయిన్ (డిస్టార్షన్ మోతాదు) పెంచితే శబ్దం చిక్కబడుతుంది తప్ప ముందుకు రాదు. లెవెల్ 3-4 డెసిబెల్స్, 1 కిలో హెర్ట్జ్ దగ్గర మిడ్ కొంచెం పెంచండి.

ఇక కీబోర్డు. మీరు ఇప్పుడు ఆటో రిథమ్ మీద ఆధారపడి వాయిస్తుంటే ఎక్స్‌పీఎస్-30 మిమ్మల్ని నిరాశపరుస్తుంది, అది ఎడమచేత్తో కార్డు పట్టుకుంటే బ్యాండంతా మోగే రకం కాదు. టోన్లు మాత్రం బ్యాండులో తేలతాయి, బరువు ఐదారు కిలోలు, వెనక ఎల్/మోనో, ఆర్ ఉంటాయి. ఆక్టోప్యాడ్, బేస్ గిటార్ వాయించేవాళ్ళు మీతో ఉంటే అదే సరైనది. లేకపోతే అరేంజర్ (ఆటో రిథమ్ వాయించే) రకంలోనే, లైన్ అవుట్ ఉన్న పై మోడల్‌కి వెళ్ళండి, వెనక జాక్‌లు కళ్ళతో చూసి కొనండి. అరేంజర్‌తో పాటు బేస్ గిటార్ కూడా ఉంటే స్టైల్‌లో బేస్ పార్ట్ ఆపేయండి. రెండు బేసులు కలిస్తే హాల్లో వినిపించేది ఉరుమే.

గాయకులు శ్రుతిని సీ ఒకటి, డీ రెండు అని తెల్లమెట్లతో లెక్కపెడతారు. "ఒకటిన్నర" అంటే సీ షార్ప్, "ఐదున్నర" అంటే జీ షార్ప్. మీరు ట్రాన్స్‌పోజ్ +1 పెట్టి సీ వేళ్ళతో వాయిస్తుంటే, మీ వేళ్ళు చూసి కార్డు పట్టుకునే బావగారు అర స్వరం కింద ఉంటారు. ఆయన ఒకటో ఫ్రెట్‌లో క్యాపో (తీగలన్నిటినీ అదిమి పట్టే క్లిప్పు) వేసుకుంటే ఇద్దరి కార్డుల పేర్లూ కలుస్తాయి. పాట అవగానే ట్రాన్స్‌పోజ్ సున్నాకి తేవడం ఎవరో ఒకరి బాధ్యతగా పెట్టుకోండి, లేదా పాటకో రిజిస్ట్రేషన్ (టోన్, ట్రాన్స్‌పోజ్ అన్నీ కలిపి గుర్తుంచుకునే మెమరీ) దాచుకోండి.

సస్టెయిన్ పెడల్ తలకిందులుగా పనిచేస్తోందన్నారు, తొక్కితే ఆగి, వదిలితే సాగుతోందని. కీబోర్డు ఆన్ చేసేటప్పుడు పెడల్ మీద కాలుంటే చాలా కీబోర్డులు దాన్ని ఉల్టాగా గుర్తుపెట్టుకుంటాయి. కాలు తీసి ఒకసారి ఆపి ఆన్ చేయండి. అలా ఆన్ చేసినప్పుడే ఆటో పవర్ ఆఫ్ కూడా చూసుకోండి. పురోహితుడు మైకు తీసుకున్న అరగంటలో కీబోర్డు దానంతటదే ఆరిపోయేది దానివల్లే. చాలా యామహా పీఎస్ఆర్-ఈ మోడళ్ళలో అన్నిటికంటే కిందిమెట్టు (ఎడమ చివరిది) నొక్కి పట్టుకుని ఆన్ చేస్తే అది రద్దవుతుంది.

ముందు వై కేబుల్, డీఐ తీసుకుని ఒక ప్రోగ్రాం చేయండి. మోత ఇంకా ఉంటే న్యూట్రల్-ఎర్తు మధ్య ఎంత వచ్చిందో, హాలు లైనా జనరేటరా, అడాప్టర్ తీసేస్తే ఆగిందా లేదా, ఈ మూడూ కింద రాయండి.