16 గంటల విమానం.. పిల్లలకు నిద్ర సిరప్ పట్టొచ్చా?

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలో ఉంటాం. జులైలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి నేరుగా సింగపూర్‌కు, అక్కడి నుంచి వియత్నాం, థాయ్‌లాండ్ వెళ్తున్నాం. పాపకు 4 ఏళ్లు, బాబుకు 10 నెలలు. కిందటిసారి విమానం దిగేటప్పుడు పాప చెవులు పట్టుకుని గుక్కపట్టి ఏడ్చింది. ఈసారి 16 గంటలకు పైగా ప్రయాణం అంటే టెన్షన్‌గా ఉంది. నిద్రపోవడానికి అలర్జీ సిరప్ పట్టమని ఫ్రెండ్ చెప్పింది. పట్టొచ్చా? మా అత్తయ్యకు 66 ఏళ్లు, ఇన్సులిన్ వాడుతున్నారు. ఆమెకేమైనా జాగ్రత్తలు కావాలా?

జవాబు: సిరప్ వద్దండి. నిద్ర కోసం అలర్జీ మందు పడితే కొందరు పిల్లలు నిద్రపోకపోగా ఇంకా చిరాకుపడి గోల చేస్తారు. బాబు వయసులో అయితే ఊపిరి మందగించే ప్రమాదం కూడా ఉంది. పాప ఏడ్చింది చెవి నొప్పితో. విమానం కిందికి దిగేటప్పుడు క్యాబిన్‌లో గాలి పీడనం పెరిగి చెవి లోపలి పొర లోనికి లాగినట్లవుతుంది. గుటక వేస్తే సర్దుకుంటుంది. ల్యాండింగ్‌కు అరగంట ముందే దిగడం మొదలవుతుంది కాబట్టి, అప్పుడు పిల్లలు నిద్రలో ఉన్నా లేపండి. బాబుకు పాలు పట్టండి, పాపకు స్ట్రాతో నీళ్లు ఇవ్వండి. ఇద్దరిలో ఎవరికైనా జలుబు గట్టిగా ఉంటే ముందే డాక్టర్‌కు చెవులు చూపించండి.

బాబు విషయంలో మీరు అడగనిది ఒకటి చెప్పాలి. మామూలుగా ఏడాది నిండాక వేసే ఎంఎంఆర్ టీకాను, విదేశాలకు వెళ్లే 6 నుంచి 11 నెలల పిల్లలకు ముందుగానే ఒక డోసు వేయిస్తారు. తట్టు నుంచి కాపాడుకోవడానికి ఇది అవసరం. ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు వేయించండి. ఏడాది నిండాక వేయాల్సిన రెండు డోసులు ఎలాగూ వేయించాల్సిందే. పాపకు రెండో డోసు పడిందో లేదో కూడా కార్డులో చూడండి.

ఇక అత్తయ్యగారి సంగతి. మీరు ఒక్క వాక్యంలో అడిగారు కానీ, ఈ ప్రయాణంలో నాకు ఎక్కువ ఆందోళన ఆమె గురించే. జులైలో సింగపూర్ గడియారం మీకంటే 15 గంటలు ముందుంటుంది. తేదీ సంగతి పక్కన పెడితే, శరీరానికి మాత్రం అది 9 గంటలు వెనక్కి జరగడమే. అంటే ఆమె రోజు అంత సాగుతుంది. రోజూ ఫలానా టైముకు వేసుకునే ఇన్సులిన్ అప్పుడు ఎప్పుడు, ఎంత వేసుకోవాలి? ఇది విమానంలో కూర్చుని లెక్కేసుకునేది కాదు. ఆమె డాక్టర్‌ను టికెట్ టైమింగ్స్‌తో సహా కలిసి, కాగితం మీద రాయించుకోండి. దిగేదాకా ఆమె చేతి గడియారాన్ని కాలిఫోర్నియా టైములోనే ఉంచండి.

భోజనం ముందు వేసుకునే ఇన్సులిన్‌ను ట్రే ఆమె ముందుకు వచ్చాకే వేసుకోమనండి. ట్రాలీ రెండు వరుసల అవతల కనిపించిందని ఇంజెక్షన్ వేసుకున్నాక కుదుపులు మొదలైతే, సర్వీసు ఆపేస్తారు. షుగర్ పడిపోతుంది. అప్పుడు పట్టే చెమటను, మగతను పక్కనున్నవాళ్లు నిద్రమత్తు అనుకుంటారు. అనుమానం వస్తే లేపి షుగర్ చెక్ చేయండి. గ్లూకోజ్ మాత్రలు మీ బ్యాగులో కాదు, ఆమె చేతికి అందేచోట ఉండాలి. ఇన్సులిన్‌ను చెకిన్ లగేజీలో పెట్టకండి, అక్కడ గడ్డకట్టి పాడైపోవచ్చు. క్యాబిన్ బ్యాగులోనే, ప్రిస్క్రిప్షన్‌తో కలిపి పెట్టండి.

నాలుగు గంటలు దాటిన ప్రయాణంలో కదలకుండా కూర్చుంటే పిక్కల్లోని సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు కాస్త పెరుగుతుంది. ఆమెకు నడవా పక్క సీటు ఇప్పించండి. మెలకువగా ఉన్నప్పుడు గంటకోసారి లేచి నాలుగడుగులు వేయాలి. కూర్చున్నప్పుడు మడమలు పైకీ కిందికీ ఆడిస్తూ ఉండాలి. బిగుతు స్టాకింగ్స్ మాత్రం మీ అంతట మీరు కొనకండి. షుగర్ వల్ల పాదాల్లో రక్తప్రసరణ, స్పర్శ తగ్గి ఉంటే అవి పుండ్లు చేస్తాయి. గడ్డ కట్టకుండా ముందుజాగ్రత్త అని ఆస్పిరిన్ కొత్తగా మొదలుపెట్టొద్దు.

దిగాక రెండు పాదాలూ కొంచెం వాయడం మామూలే, ఒకట్రెండు రోజుల్లో తగ్గుతుంది. ఒక్క కాలే వాచి, పిక్క నొప్పిగా, వేడిగా ఉంటే ఏ ఊళ్లో ఉన్నా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఆయాసం, ఛాతీ నొప్పి కూడా వస్తే క్షణం ఆగకండి. ఈ లక్షణాలు ట్రిప్ ముగిసి ఇంటికి చేరాక కొన్ని వారాలకు కూడా కనిపించవచ్చు, అప్పుడు విమాన ప్రయాణం చేసిన సంగతి డాక్టర్‌కు తప్పక చెప్పండి.