నాన్న డిశ్చార్జ్ బుక్‌లో ఎక్కని పూర్వీ స్టార్

"మా నాన్నగారు 1971 యుద్ధంలో ఉన్నారు. డిశ్చార్జ్ బుక్‌లో కొన్ని మెడల్స్ రాయలేదు. ఇన్నేళ్ల తర్వాత సరిచేయించడం కుదురుతుందా? లాయర్ కావాలా?" అని అడిగారు.

కుదురుతుంది. లాయర్ అక్కర్లేదు, ఇంట్లో పాత ట్రంకుపెట్టె ఉంటే చాలు. 2018లో మా నాన్నకి నేనే దగ్గరుండి చేయించాను. ఆయనది ఏ రెజిమెంటో మాత్రం చెప్పను. చెబితే ఏ రికార్డ్స్ ఆఫీసో తెలిసిపోతుంది, నేనేమో ఆ ఆఫీసుని కాస్త తిట్టుకోవాలి.

నాన్న 1966లో చేరి 1983లో హవల్దార్‌గా ఇంటికొచ్చేశారు. సైన్యం నుంచి వచ్చేసేటప్పుడు ఇచ్చిన డిశ్చార్జ్ బుక్‌లో మూడే మెడల్స్ ఉండేవి: సంగ్రామ్ మెడల్, స్వాతంత్ర్యం వచ్చి 25 ఏళ్లయినప్పుడు ఇచ్చినది, 9 ఏళ్ల లాంగ్ సర్వీస్ మెడల్. సంగ్రామ్ మెడల్ ఆ రోజుల్లో సరిహద్దు రాష్ట్రాల్లో పనిచేసిన చాలామందికి వచ్చింది. తూర్పున బంగ్లాదేశ్‌లో యుద్ధం చేసినవాళ్లకి దానితోపాటు పూర్వీ స్టార్, పడమట చేసినవాళ్లకి పశ్చిమీ స్టార్ ఇచ్చారు. నాన్న జెస్సోర్ మీదుగా ఖుల్నా వైపు వెళ్లిన బలగంలో ఉన్నారు. ఢాకాలో డిసెంబర్ 16న లొంగుబాటు సంతకాలయినా ఖుల్నా దగ్గర 17 దాకా యుద్ధం ఆగలేదని మా చిన్నప్పుడు వందసార్లు చెప్పి ఉంటారు. మరి స్టార్ ఏదీ అని మాకెవరికీ తోచలేదు. ఆయనా ఎత్తలేదు.

ఎత్తింది మాధవరం ఆయన. మిలటరీ మాధవరం పేరు మీరు వినే ఉంటారు, తాడేపల్లిగూడెం దగ్గర. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ ఇంటికొకరు సైన్యంలోకి వెళ్లే ఊరు. అక్కడివాళ్ల ముందు రిబ్బన్ల లెక్క తప్పితే దొరికిపోతాం. ఓ జనవరి 26న మా ఊరి స్కూల్లో జెండా పండగకి ఇద్దరినీ పిలిచారు. ఆయన నాన్న ఛాతీ వంక ఓసారి చూసి, "ఈస్ట్‌లో చేశానంటారు, స్టార్ ఏది హవల్దార్ గారూ?" అన్నారు. మామూలుగానే అన్నారు. నాన్న ఆ మధ్యాహ్నం అన్నం ముట్టలేదు.

మా బావ వెంటనే అడిగిన ప్రశ్న, "అది పెట్టిస్తే నెలకెంత వస్తుంది?" ఏమీ రాదు. నెలనెలా డబ్బు వచ్చేది వీర చక్ర, సేనా మెడల్ లాంటి సాహస పురస్కారాలకి. ఇలాంటి సర్వీస్ మెడల్స్‌కి పైసా రాదు. ఇంకో చుట్టమైతే షాపులో కొనేస్తే సరిపోయేదిగా అన్నాడు. నిజమే, కంటోన్మెంట్ బజార్లలో అమ్ముతారు. అసలు మెడల్స్ స్టాకు లేక సర్వీసులో ఉన్నవాళ్లే కొనుక్కుని పెట్టుకున్న రోజులున్నాయి. కానీ అసలుదాని మీద నంబరు, పేరు చెక్కి ఉంటాయి, షాపుదాని మీద అవి ఉండవు. నాన్న అలాంటిది చచ్చినా పెట్టుకోరు.

జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా దరఖాస్తు పెట్టాం. నాలుగు నెలలకి ఒక్క వాక్యం జవాబు: అందుబాటులో ఉన్న రికార్డుల ప్రకారం ఆ మెడల్ నమోదు కాలేదు. నమోదు కాలేదనే కదా నాయనా మేం రాసింది!

అప్పుడు పది రూపాయల పోస్టల్ ఆర్డర్ పెట్టి, సమాచార హక్కు చట్టం కింద నాన్న షీట్ రోల్ (రికార్డ్స్ ఆఫీసులో ఉండే సర్వీసు రికార్డు) కాపీ అడిగాం. మీరూ అక్కడే మొదలుపెట్టండి. డిశ్చార్జ్ బుక్ పట్టుకుని పోట్లాడి లాభం లేదు, అది షీట్ రోల్ చూసి రాసిందే. పెళ్లి, పిల్లలు, ప్రమోషన్, మెడల్, ఏది జరిగినా యూనిట్ పార్ట్ టూ ఆర్డర్ వేస్తుంది, దాన్ని బట్టి షీట్ రోల్‌లో ఎక్కిస్తారు. అంటే తప్పు ఆర్డర్‌లోనైనా ఉండాలి, ఎక్కించడంలోనైనా ఉండాలి. ఇంకో సంగతి, మీ నాన్నగారిది పెన్షన్ సర్వీసేనా? పెన్షన్ లేకుండా వచ్చేసినవాళ్ల కాగితాలు 25 ఏళ్ల తర్వాత తీసేస్తారు. అలాగైతే దారి కష్టమే.

షీట్ రోల్ వచ్చింది. స్టార్ లేదు. ఇంకో తప్పు మాత్రం దొరికింది: అందులో మా అమ్మ పేరు సత్తెమ్మ, ఆధార్‌లో సత్యవతి. ఇది మెడల్ కన్నా పెద్ద టెన్షన్. రేపు ఫ్యామిలీ పెన్షన్ దగ్గర ఆ సత్తెమ్మ ఎవరంటే ఏం చెబుతాం? మెడల్ పక్కన పెట్టి ముందు అది సరిచేయించాం. మీరూ మీ అమ్మగారి పేరు చూసుకోండి, ఈ రాత్రికే.

ఇక ట్రంకుపెట్టె. నాన్న రాసిన ఉత్తరాలన్నీ అమ్మ పాత చీర అంచు ముక్కతో కట్టి దాచింది. ఆవిడకి ఇంగ్లీషు రాదు గానీ "రెండు తొమ్మిదులు ఉన్నవి యుద్ధం అప్పటివి" అని తీసిచ్చింది. పడమటి యూనిట్ల చిరునామా 56 ఏ.పి.ఓ. (ఆర్మీ పోస్టాఫీసు), తూర్పు వాటిది 99 ఏ.పి.ఓ. 1971 నవంబర్‌ది ఒకటి, 72 జనవరిది ఒకటి దొరికాయి. రెంటిలోనూ యుద్ధం ఊసే లేదు. మొదటిదాంట్లో గేదె ఈనిందా అని, రెండోదాంట్లో దూడ పెయ్యా, దున్నా అని.

అవి పట్టుకుని నాన్నా నేనూ రైలెక్కాం. ఆ ఆఫీసు కౌంటర్లో క్లర్కు ఉత్తరాలు తిరగేసి, "99 అంటే తూర్పున ఉన్నట్టే, బోర్డర్ దాటినట్టు కాదు" అన్నాడు. ఒళ్లు మండింది. ఆలోచిస్తే అతనన్నది నిజమే. మమ్మల్ని కాపాడింది శ్రీకాకుళం జిల్లాలో ఉన్న నాన్న స్నేహితుడు. ఒకే యూనిట్, ఒకే సెక్షన్. ఆయన తన షీట్ రోల్ కాపీ సంతకం పెట్టి మరీ ఇచ్చారు. అందులో పూర్వీ స్టార్ ఉంది, పక్కనే పార్ట్ టూ ఆర్డర్ నంబరూ తేదీ ఉన్నాయి.

ఆ నంబరు చూశాక లోపలి నుంచి ఓ నాయబ్ సుబేదార్ వచ్చాడు, హవల్దార్ కన్నా పై ర్యాంకు. ముప్ఫై ఎనిమిదేళ్లు ఉంటాయేమో. మోకాళ్ల నొప్పులతో బెంచీ మీద కూలబడిన మా 71 ఏళ్ల నాన్న చటుక్కున లేచి, మడమలు కలిపి, "జై హింద్ సాబ్" అన్నారు. ఆయన కంగారుపడి కుర్చీ తెప్పించాడు. నాన్న కూర్చోలేదు. గంటన్నర తర్వాత పాత ఆర్డర్ల కట్ట తెచ్చి బల్ల మీద పరిచాడు. పురుగు తిన్న అంచులు, టైపు మిషన్ అక్షరాలు. ఒక్కో పేరు మీదా వేలు పెట్టుకుంటూ వచ్చి ఒకచోట ఆపాడు. పేరు నాన్నదే. ర్యాంకూ ఆయనదే. నంబర్ చివర 47 ఉండాలి, 74 కొట్టారు.

అంతే, 46 ఏళ్ల కథ. ఆ స్టార్ వేరొకరి ఖాతాలోకి వెళ్లిపోయింది.

నేను గెలిచినంత సంబరపడిపోతుంటే నాన్న హిందీలో అడిగిన మొదటి మాట, "ఆ 74 నంబర్ అతను ఉన్నాడా సాబ్?" అని. అవతలివాళ్ల వివరాలు చెప్పకూడదన్నాడాయన. "అతనిది కొట్టెయ్యకండి. అతనూ చేసే ఉంటాడు" అన్నారు నాన్న. ఆయన తలూపాడు గానీ ఏమీ అనలేదు. తిరుగు రైల్లో నాన్న రాత్రంతా పడుకోలేదు. మాకొచ్చినందుకు కాదు, అతనికి ఏం ఉత్తరం వెళుతుందోనని.

సవరించిన కాగితం మూడు నెలలకి వచ్చింది, స్టార్ ఇంకో ఆరు నెలలకి. పార్సిల్ విప్పి, కళ్లద్దాలు పెట్టుకుని, వెలుతుర్లోకి వెళ్లి దాని మీద నంబరు పైకే చదివారు. చివరి రెండంకెలు రెండుసార్లు చదివారు. మా ఊరి పేరు కవరు మీద తప్పుగానే పడింది, అది వేరే సంగతి.

తర్వాతి జనవరి 26న నాలుగూ పెట్టుకుని స్కూలుకి వెళ్లారు. మాధవరం ఆయన ఆ ఏడు రాలేదు. వాళ్లబ్బాయి దగ్గరకి హైదరాబాద్ వెళ్లాడట.