చిప్స్ కాదు, బ్లైండ్లు లెక్కపెట్టండి

ప్రశ్న: షిఫ్ట్ దిగి వచ్చాక ఫోన్లో ఉచిత పోకర్ టోర్నీ ఆడుతుంటాను. ఆసుల జత వచ్చినా మొదటి పది నిమిషాల్లోనే బయటికి వచ్చేస్తున్నాను. లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకుడు, గాజువాక

ప్రవేశ రుసుము లేదు కాబట్టి మొదట్లో చాలామంది ఏ ముక్కలు పడినా ఆల్ ఇన్ కొట్టేస్తారు, అంటే ఉన్న చిప్స్ (పందెం బిళ్ళలు) అన్నీ ఒకేసారి పెట్టేస్తారు. ఆసుల జత ఒక్కరి మీద నూటికి 85 సార్లు గెలుస్తుంది. నలుగురు ఏవో ముక్కలతో కలిసి దిగితే అదే 56కి పడిపోతుంది. ఆసులతో ఓడిపోవడం మీ తప్పు కాదు, అక్కడ చిప్స్ పెట్టడం సరైనదే. చేయాల్సిందల్లా ఎదురు నిలిచేవాళ్ళను తగ్గించడం. బ్లైండ్లు (ముక్కలు చూడకముందే ఇద్దరు వంతులవారీగా తప్పక కట్టే చిన్న, పెద్ద పందాలు) 10/20 ఉన్నప్పుడు మామూలుగా 50కి పెంచితే సరిపోతుంది. ఇలాంటి టేబుల్ మీద 100కి పెంచండి. మీకంటే ముందు ఊరికే 20 కట్టి వచ్చినవాళ్ళుంటే ఒక్కొక్కరికి ఇంకో 20 కలపండి.

ఈ దశలో పెద్ద పందానికి ఆసు, రాజు, రాణి జతలు, ఆసు-రాజు చాలు. ఆసు-ఏడు, జాకీ-పది చూడ్డానికి బాగుంటాయి గానీ ఆల్ ఇన్‌కి పనికిరావు. చిన్న జతతో, టేబుల్ మీద అందరికీ కలిపి మొదట తెరిచే మూడు ముక్కల్లో అంటే ఫ్లాప్‌లో మూడోది పడేది ఎనిమిది తొమ్మిది సార్లకు ఒకసారే. అందుకే చవకగా చూడగలిగితేనే చూడండి. బ్లఫ్ (మంచి ముక్కలున్నట్టు నటించి పందెం కట్టడం) మాత్రం పూర్తిగా మానేయండి. వదిలేసేవాళ్ళే లేని చోట బ్లఫ్ ఎవరి మీద? ఆ చిప్స్ మంచి ముక్కలు పడ్డప్పుడు ధైర్యంగా కట్టండి, వాళ్ళు కాల్ చేస్తారు, అంటే అంతే కట్టి నిలుస్తారు.

ఎక్కువమంది దెబ్బతినేది ఫ్లష్ (ఒకే గుర్తువి అయిదు ముక్కలు) దగ్గర. మీ చేతిలో కళావరు తొమ్మిది, ఎనిమిది. ఫ్లాప్‌లో కళావరు రాజు, కళావరు నాలుగు, ఆటీను రెండు. కుండలో (అందరూ కట్టిన పందెం మొత్తం) 300 ఉంటే అవతలివాడు 300 కట్టాడు. 900 అయ్యే కుండ కోసం మీరు 300 పెట్టాలి, అంటే కనీసం 33 శాతం అవకాశం కావాలి. తర్వాతి ఒక్క ముక్కలో కళావరు పడే అవకాశం 19 శాతమే. ఇంకా రావాల్సిన రెండు ముక్కలూ చూస్తే 35. అవతలివాడిది ఆల్ ఇన్ అయితే ఇంకో పందెం ఉండదు కాబట్టి అంచు మీద కాల్ చేయొచ్చు. వాడి దగ్గర ఇంకా చిప్స్ ఉంటే, నాలుగో ముక్క తెరిచే టర్న్‌లో మళ్ళీ కడతాడు, అప్పుడు మీ లెక్క 19తోనే.

ప్రశ్న: గంటసేపు జాగ్రత్తగా ఆడి 3000 చిప్స్ చేసుకుంటాను. తర్వాత ఏమీ చేయకుండానే కరిగిపోతాయి.
– ఒక పాఠకురాలు, మధురవాడ

మొదట 1500 చిప్స్, బ్లైండ్లు 10/20. అంటే మీ దగ్గర 75 పెద్ద బ్లైండ్లు. గంట తర్వాత చిప్స్ రెట్టింపయ్యాయి, కానీ బ్లైండ్లు 150/300కి చేరాయి. ఇప్పుడు మీకున్నవి పది. తొమ్మిది మంది టేబుల్, ఒక్కొక్కరి యాంటీ (ప్రతి ఆటకూ అందరూ కట్టేది) 30 అనుకోండి: ఒక చుట్టు తిరిగేసరికి మీ జేబులోంచి 150, 300, 270 కలిపి 720 పోతాయి. నాలుగు చుట్లు, అంతే.

అదే 720 ప్రతి ఆటలో ముందే కుండలో పడి ఉంటుంది, మీ చిప్స్‌లో దాదాపు నాలుగో వంతు. అందుకే పది బ్లైండ్లకు దిగాక రెండే పనులు: ఆల్ ఇన్, లేదా ఫోల్డ్ (ముక్కలు వదిలేయడం). సగం కట్టి ఫ్లాప్ చూసి వదిలేయడం ఈ దశలో అన్నిటికన్నా చెడ్డ ఆట. మొదటి సీట్లలో ఉంటే ఏడుల జత, ఆసు-పది, అంతకుమించినవి చాలు. అందరూ వదిలేసి బటన్ (పంచేవాడి సీటు) దాకా వస్తే ఏ జతైనా, ఏ ఆసైనా, రెండు బొమ్మలైనా తోసేయండి. అందరూ తప్పుకుంటే కుండ మీదే, ఎవరైనా కాల్ చేసినా గెలిచే దారి ఉంటుంది. అయిదు బ్లైండ్ల దాకా ఆగితే మొదటి దారి మూసుకుపోతుంది, మిమ్మల్ని చూసి ఎవరూ వదలరు.

ప్రశ్న: పేరు నమోదు చేసి పక్కన పెట్టేస్తే బహుమతి దాకా వెళ్ళొచ్చా?
– ఒక పాఠకుడు, పెందుర్తి

మిగతావాళ్ళు త్వరత్వరగా పోతారు కాబట్టి కొంతదూరం వెళ్తారు. కానీ మీరు లేకపోయినా బ్లైండ్లు, యాంటీ కట్ అవుతూనే ఉంటాయి. బహుమతుల దగ్గరికి వచ్చేలోపే చిప్స్ అయిపోతాయి.

ప్రశ్న: మన రాష్ట్రంలో ఇది ఆడొచ్చా?
– ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ

డబ్బు పెట్టి ఆడకూడదు. ఆంధ్రప్రదేశ్ 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ జూదాన్నీ నిషేధించింది. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం నైపుణ్యమైనా అదృష్టమైనా సరే, గెలుపు ఆశతో ఫీజో డిపాజిట్టో కట్టే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ ఆపేసింది. వాటికి డబ్బు బదిలీ చేయకూడదని బ్యాంకులకూ నిబంధన పెట్టింది. పందెం లేకుండా కాలక్షేపానికి ఆడే ఆటల మీద ఆ నిషేధం లేదు. ‘ఉచితం’ అని పిలిచి, గెలిచింది తీసుకోవాలంటే ముందు కొంత కట్టమన్నారంటే ఆ యాప్ వెంటనే తీసేయండి. యూపీఐ, కార్డు వివరాలు అసలు ఇవ్వకండి.

ప్రశ్న: మొదటి పదిమందికీ ఒకేలా పై టోర్నీ టికెట్ ఇస్తారు. పదకొండుమంది మిగిలారు, నా చిప్స్ రెండో స్థానంలో ఉన్నాయి. రాజుల జత వస్తే?
– ఒక పాఠకుడు, సీతమ్మధార

మీకంటే ఎక్కువ చిప్స్ ఉన్నవాడు ఆల్ ఇన్ అంటే ఫోల్డ్ చేయండి. మొదటివాడికీ పదోవాడికీ అదే టికెట్, గెలిచిన చిప్స్‌తో మీకు ఒరిగేదేమీ లేదు. ఓడితే టికెట్టే పోతుంది. ఒకటి రెండు బ్లైండ్లతో మిగిలినవాడు తోస్తే మాత్రం కాల్ చేయండి. వాడు పోతే టోర్నీ అక్కడితో ముగుస్తుంది, ఓడినా మీకు పెద్దగా తరిగేదేమీ లేదు.